ముందు చక్రం ఎవరిది

పౌర్ణమి

ఈ చిట్టా బండి తోలేవాళ్ళు రాయాలి. ఎక్కడికి తోలారో, ఏం తెచ్చారో, ఏం చెడిందో రాయాలి, అంతకు మించి రాయకూడదు అని నాలుగు దిబ్బల పెద్దలూ మొదటి పేజీలోనే రాయించారు. నేను అంతకు మించే రాస్తాను. చదివి కోప్పడేవాళ్ళు వచ్చి బండి తోలండి, తాళంచెవి గూట్లోనే ఉంది.

తెచ్చింది మంచినీళ్ళు, బియ్యం, షుగరు మాత్రలు, వలతాడు. చెడింది వెనక చక్రాలు.

ఊళ్ళూ ఆస్పత్రీ ఉన్న గట్టుకీ, మేం ఇళ్ళు కట్టుకున్న నాలుగు దిబ్బలకీ మధ్య ఉన్నది పర్ర. పోటు మీద ఉన్నప్పుడు అది సముద్రం, ఆటు మీద ఉన్నప్పుడు బురద. పౌర్ణమికీ అమావాస్యకీ అటూ ఇటూ కొద్ది రోజులే నీళ్ళు బాగా వెనక్కి పోయి బురద బండిని మోసేంత గట్టిపడుతుంది. మిగతా రోజుల్లో మోకాటి లోతు నీళ్ళు కదలకుండా నిలిచి ఉంటాయి. పడవకి తక్కువ, బండికి ఎక్కువ.

గట్టు మీద కార్లు వాటంతట అవే నడుస్తాయి. ఎంత మెత్తగా నడుస్తాయో చూస్తే నాకు కడుపుమంట. కానీ పర్ర అంచుకు రాగానే ఆగిపోయి, "ముందు సముద్రం ఉంది, దయచేసి వెనుదిరగండి" అంటాయి. వాటి మ్యాపులో మేం లేము. ఎగిరే అంబులెన్సుదీ అదే మ్యాపు. మ్యాపంటే ఏమిటో తెలియని ఈ ముసలి బండే మా నాలుగు దిబ్బలకీ దిక్కు. దీని ఇంజను తీసేసి మోటారు పెట్టి, పైన సోలారు పలకలు కట్టి నడుపుతున్నాం.

ముందు మా ఆయన మోపిదేవి పొడుగాటి వెదురు గెడతో దారి వెతుక్కుంటూ నడుస్తాడు, వెనక నేను తోలుతాను. పర్రలో గట్టి నేల ప్రతి పోటుకీ చోటు మారుస్తుంది. అది కంటికి కనపడదు, అరికాలికి తెలుస్తుంది. అందుకే గెడమనిషి చెప్పులు వేసుకోడు. మోపిదేవి వెనక వెళ్ళిన బండి ఇంతవరకూ దిగబడలేదు. ఇవాళ దిగబడింది.

తిరిగి వస్తూ పాత కరెంటు స్తంభాలు దాటాం. నా ఎదుట నాలుగు చక్రాల బొమ్మ ఉన్న పసుపు దీపం వెలిగింది. వెలిగిందో లేదో వెనక చక్రాలు చచ్చుబడ్డాయి. ముందువి మాత్రం బురద చిమ్ముతూ ఉన్నచోటే తిరుగుతున్నాయి. మోపిదేవి గెడ పడేసి, చెక్కలు తెచ్చి చక్రాల కింద తోసి, వెనక నుంచి నెట్టడం మొదలుపెట్టాడు.

"తొక్కవే, తొక్కు!"

"తొక్కుతానే ఉన్నా మావా. వెనకయ్యి రావట్లా!"

"నేను వెనకాల నిలబడి హారతిత్తన్నానా మరి? తొక్కు!"

ఇద్దరం అలిసిపోయి, బండి ఆపి, దాన్ని చేసినవాడి వంశాన్నంతా తిట్టాం. కాసేపటికి దీపం దానంతటదే ఆరిపోయింది, వెనక చక్రాలు మళ్ళీ లాగాయి. తిట్లకి భయపడిందనుకుని నవ్వుకుంటూ ఇంటికొచ్చాం.

దిబ్బల చుట్టూ ఉన్న కట్ట ఎక్కాక చూస్తే మోపిదేవి అడుగు పడిన చోటల్లా ఎర్రగా ఉంది. నెట్టేటప్పుడు ఆల్చిప్ప దిగి ఎడమ అరికాలు చీరింది. నొప్పి లేదా అని అడిగితే, "తెలీలేదే" అన్నాడు. అతనికి షుగరు ఉందని మాకు తెలుసు. కానీ బురదలో గవ్వ తగిలినా పేరు చెప్పే ఆ కాలికి చీరినట్టు తెలియలేదంటే నాకు భయమేసింది.

బహుళ విదియ

బండి ఉండేది బడిదిబ్బలో, పాత బడి ముందున్న సిమెంటు నేల మీద. చివరదిబ్బలో మా ఇంటి నుంచి కట్ట మీద నడిచి వెళ్ళి దాని కింద దూరాను.

ఉప్పు గాలికి చెడనిది లేదు కాబట్టి ముందు ఉప్పునే అనుమానించాను. ఏ చక్రం ఎంత తిరుగుతోందో చూసి బండి మెదడుకి చెప్పే చిన్న కన్ను ప్రతి చక్రం దగ్గరా ఒకటి ఉంటుంది. ఆ తీగలు తుడిచి, ఉప్పు గీకి, అతుకుల్లో గ్రీజు పెట్టాను. చక్రం ఊడదీస్తే సగం సేపట్లో అయ్యే పని. కానీ ఊడదీయడానికి నాకు హక్కు లేదు.

కొత్తగా తోలేవాళ్ళ కోసం రాస్తున్నాను. బండి నలుగురిదీ, చక్రాలు మాత్రం ఎవరివి వాళ్ళవి. ముందు కుడి పెద్దదిబ్బది, ముందు ఎడమ కొత్తదిబ్బది, వెనక కుడి బడిదిబ్బది, వెనక ఎడమ మాది. ఒకరి మంచి టైరు తీసి ఇంకొకరు అరిగింది పెట్టారని ఒకప్పుడు తలలు పగిలాయట. అప్పటి నుంచి ప్రతి చక్రానికీ ఒక తాళం నట్టు బిగించారు. దాని చెవి ఆ దిబ్బ పెద్ద దగ్గరే ఉంటుంది. ఏ చక్రం ముందుంటే ఆ దిబ్బకే సరుకు ముందు దించాలి. నీళ్ళు సరిపడా వచ్చిన రోజు ముందైనా వెనకైనా ఒకటే. రాని రోజునే తేడా తెలుస్తుంది.

పౌర్ణమికి ముందు పెద్దదిబ్బవాళ్ళు తమ చక్రానికి కొత్త టైరు వేసుకున్నారు. డప్పులు కొట్టించి, టైరుకి పసుపు రాసి, వాళ్ళ పెద్ద నాంచారయ్య బాబాయి చేత కొబ్బరికాయ కొట్టించారు. ఆ నలుపు మీద పసుపు నిజంగానే ముచ్చటగా ఉంది. మా చివరదిబ్బ టైరు బోడిగుండులా ఉంటుంది, దాన్ని చూసి ఆ రోజు నాకు సిగ్గేసింది.

తీగలు శుభ్రం చేశాక దిబ్బ చుట్టూ ఒక తిప్పు తిప్పాను. దీపం వెలగలేదు. పండగ చేసుకున్నాను.

మోపిదేవి పసుపు అద్ది గుడ్డ కట్టుకున్నాడు. కాలు వాచింది. వాయలేదంటాడు.

బహుళ చవితి

పండగ చేసుకున్నది తొందరపాటు. ఇవాళ కట్ట మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా తోలితే మళ్ళీ దీపం వెలిగింది. కాసేపు ఆపితే ఆరింది. తోలితే వెలిగింది. ఉప్పు కాదు.

వెనక చక్రాలకి బలం పంపేది బండి కడుపులో ఉన్న ఒక డబ్బా. దాన్ని మేం పట్టు డబ్బా అంటాం. ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకే లెక్కన తిరుగుతుంటే అది నిద్రపోతుంది. లెక్క తప్పితే, ఎక్కడో జారుతున్నాయి కాబోలని లేచి బిగించి పట్టి నాలుగింటినీ లాగిస్తుంది. అతిగా వేడెక్కితే తాను కాలిపోకుండా వదిలేస్తుంది. వదిలేసినప్పుడే దీపం.

దాని నూనె దింపాను. నల్లగా, అడుగంటిన కూర వాసన వేసింది. ఉన్న కాస్త కొత్త నూనె పోసి మూత బిగించాను. ఆ డబ్బా పర్రలో ఒక్క గంట పనిచేసి మాడడం వేరు. ఇది పొడి నేల మీద కూడా మాడుతోంది. గట్టి నేల మీద జారేదేముంది, ఎందుకు లేచి పట్టుకుంటోంది? అర్థం కాలేదు.

ఆటు ఇప్పటికే తగ్గిపోతోంది. ఇక పర్ర ఆరదు. మళ్ళీ అమావాస్య దగ్గరికి వస్తేగాని గట్టు మొహం చూడలేం.

మోపిదేవి ఇవాళ అన్నం దగ్గర కాలు మడుచుకోలేదు, బయటికి చాపుకుని కూర్చున్నాడు. "ఎందుకు మావా అట్టా?" అంటే, "గాలి తగలాలి గదే" అన్నాడు. గుడ్డ విప్పమంటే కసిరాడు.

బహుళ అష్టమి

గుడ్డ నేనే విప్పాను. బొటనవేలు నల్లబడింది. పడుకుని అటు తిరిగిపోయాడు.

గట్టు ఆస్పత్రికి ఫోను చేశాను. ఒక డాక్టరమ్మ మాట్లాడింది, మంచి పిల్లే. ఫోటో పంపమంది, పంపాను.

"వెంటనే తీసుకురండి. ఇవాళే."

"పర్రలో నీళ్ళున్నాయమ్మా. అమావాస్య దగ్గరపడితే గాని దారి లేదు."

"అంబులెన్సు పంపిస్తాను. మీరుండేది ఎక్కడ?"

చెప్పాను. మ్యాపులో వెతికింది.

"మీరు చెప్పిన చోటు సముద్రంలో ఉందండీ."

"అవునమ్మా, అక్కడే. ఇల్లు కట్టుకుని ఉన్నాం."

ఆవిడ నవ్వలేదు. ఎవరితోనో మాట్లాడింది, అంబులెన్సు ఒప్పుకోదని చెప్పింది, సముద్ర ప్రమాదాలకి వేరే నంబరు ఉందని ఇచ్చింది. ఆ నంబరువాళ్ళు పడవ పేరు అడిగారు. పడవ లేదంటే ఫోను పెట్టేశారు. దిబ్బలో ఉన్న మాత్రలన్నీ ఏరి పేర్లు చదివితే, ఏవి వెయ్యాలో డాక్టరమ్మే చెప్పింది. దారి తెరుచుకున్న మొదటి ఆటుకే తెమ్మంది. అప్పటికి తెస్తే వేళ్ళు పోయినా కాలు మిగులుతుందని, ఆలస్యమైతే చెప్పలేనని అంది.

కాబట్టి నాకు మిగిలింది ఒక్కటే పని. త్రయోదశికి పర్ర ఆరుతుంది, ఆలోపు బండి నాలుగు కాళ్ళ మీద నడవాలి. మోపిదేవి తన రెండు కాళ్ళ మీద తిరిగి రావాలంటే అంతకన్నా వేరే దారి లేదు.

బహుళ దశమి

దొరికింది.

చూపించింది మోపిదేవే, తెలియకుండానే. ఇంట్లో ఉంటే నా ప్రాణం తీస్తున్నాడని బండి దగ్గరికే తీసుకెళ్ళి బడి వరండాలో కుర్చీ వేశాను. కాలు స్టూలు మీద పెట్టుకుని నేను పడే పాట్లు చూస్తూ, "నాలుగు కాళ్ళూ ఒకటేలాగా అడుగులేత్తన్నయ్యా దానికి? ఎడ్లైతే అడుగు జాడ చూసి చెప్పేవోళ్ళు మా తాత" అన్నాడు.

బండి జాడ ఎవరు చూస్తారని కసిరి, కసిరాక ఆగిపోయాను. ఎందుకు చూడకూడదు?

ముందు కుడి టైరుకి సున్నం చుక్క, ముందు ఎడమకి పసుపు, వెనక కుడికి కుంకుమ, వెనక ఎడమకి మసి, అన్నీ నూనెలో కలిపి ముద్దలుగా పెట్టాను. సిమెంటు నేల మీద బండి తిన్నగా, మెల్లగా పోనిచ్చాను. ప్రతి చుట్టుకీ ఒక్కో రంగు నేల మీద పడింది. తర్వాత మోపిదేవి గెడ తెచ్చి, ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకి కొలిచాను.

పసుపూ కుంకుమా ఒకటే అడుగు. సున్నం వాటికన్నా పొడుగు. మసి వాటికన్నా పొట్టి.

పెద్దదిబ్బ కొత్త టైరు బొద్దుగా ఉంది. మా చివరదిబ్బ టైరు అరిగి చిక్కిపోయింది. ఒక చక్రం తీరుబాటుగా తిరుగుతుంటే ఒకటి పరుగెత్తుతోంది. కాబట్టి ముందు ఇరుసు లెక్క ఒకటి, వెనక ఇరుసు లెక్క ఒకటి. పట్టు డబ్బాకి కళ్ళు లేవు, లెక్కే ఉంది. ఎప్పుడూ ఎక్కడో జారుతోందనుకుని, తోలినంతసేపూ బిగించి పట్టుకునే ఉంది. పర్రలో నిజంగా అవసరమయ్యే వేళకి దానికి ఓపిక అయిపోతోంది. బండిలో చెడిందేమీ లేదు. కొత్త టైరు వచ్చిన రోజు నుంచే ఇదంతా. మంచి టైరు వల్ల చెడు జరుగుతుందని ఎవరనుకుంటారు?

మందు కూడా చిన్నదే. లావుదాన్నీ చిక్కినదాన్నీ ఒకే ఇరుసు మీద పక్కపక్కన పెడితే రెండూ కలిసి మిగతా రెండింటి లెక్కకి సరిపోతాయి. పెద్దదిబ్బ చక్రం వెనక్కి, బడిదిబ్బ చక్రం ముందుకి, అంతే. ఎవరి టైరూ పోదు, ఒక్క పైసా ఖర్చు లేదు.

సంతోషంతో మోపిదేవికి చెప్పాను. అతను సున్నం చుక్కలనే చూస్తూ కూర్చున్నాడు.

"చెవి ఇత్తాడంటావా నాంచారయ్య బాబాయి?"

"ఎందుకియ్యడు? నీ కాలు గదా."

"నా కాలే. ఆయన చక్రం" అన్నాడు.

బహుళ ద్వాదశి

మీటింగు బడి వరండాలో జరిగింది. రంగు చుక్కలు నేల మీద అలాగే ఉన్నాయి. అందరినీ తిప్పి చూపించాను, గెడతో కొలిచి చూపించాను. అందరికీ అర్థమైంది. వాళ్ళకి అర్థం కాలేదని నేను సాకు చెప్పుకోను.

"అంటే మా కొత్త టైరే బండిని చెడగొట్టిందంటావు?" అన్నాడు నాంచారయ్య బాబాయి. మాట కటువుగా లేదు, మనసు నొచ్చుకున్నట్టుగా ఉంది.

"టైరు కాదు బాబాయి. అదున్న చోటు."

"అరిగిపోయింది మీది. మార్చుకోవాల్సింది మీరు."

"మా దగ్గర టైరుంటే నిన్ను అడగను. నీ టైరు నీదే, నీ తాళం నీదే. వెనక్కి వెయ్యనీ, అంతే. ఈ ఒక్క ప్రయాణానికే."

"వెనక్కెళ్ళింది మళ్ళీ ముందుకొచ్చుద్దా ఎక్కడన్నా?" అని ఆయన తన దిబ్బవాళ్ళ వైపు చూశాడు. "పోయినేడు నీళ్ళు సగమే వచ్చినప్పుడు ముందు చక్రాలోళ్ళే తాగారు. వెనకోళ్ళు వానకి పళ్ళేలు పెట్టుకున్నారు. నువ్వూ పెట్టావు గదే నాగేంద్రం. మా పిల్లకాయల్ని నీ చోట్లో కూర్చోబెట్టమంటే ఎట్టా?"

నేను పెట్టాను. ఆయన చెప్పింది అబద్ధం కాదు.

ముందుకి వచ్చేది వాళ్ళ చక్రమే కాబట్టి బడిదిబ్బ పెద్ద తన చెవి అప్పుడే నా చేతిలో పెట్టాడు. నేను కొత్తదిబ్బ పెద్ద సరోజిని పిన్ని వైపు తిరిగాను. ఆమె చక్రం, మా చక్రం అటూ ఇటూ మార్చినా లెక్క సరిపోతుంది. ఆమె కళ్ళు తుడుచుకుంది.

"మోపిదేవి గెడెనకాలే గదమ్మా మా మగోళ్ళంతా తిరిగొచ్చింది, నేనెరగనా? కానీ చివరదిబ్బ ముందుకీ మేం వెనక్కీ అంటే మావోళ్ళు నన్ను గడప తొక్కనిత్తారా? ముందు నాంచారయ్యని ఒప్పించు. ఆయన ఊఁ అంటే నేనూ ఊఁ అంటా."

"ఆయన ఊఁ అంటే నీతో పనే లేదు గదా పిన్నీ" అన్నాను.

చివరికి అందరూ కలిసి ఒక మంచి మాట అనుకున్నారు. చక్రాలు ఉన్నచోటే ఉంటాయి. ప్రతి దిబ్బ నుంచీ గట్టి మగవాళ్ళు బండి వెంట నడిచి, దిగబడితే నెడతారు. నాంచారయ్య బాబాయి తానూ వస్తానన్నాడు, ఆ వయసులో. మోపిదేవి కోసం ప్రాణమైనా ఇస్తామన్నారు. ఇస్తారు కూడా, నాకు తెలుసు. నేను అడిగింది ప్రాణం కాదు.

టీ ఇచ్చారు. తాగకుండా వచ్చేశాను.

బహుళ త్రయోదశి

రాయాలని లేదు. కానీ ఏం చెడిందో రాయాలి.

మోపిదేవిని వెనక సీట్లో పడుకోబెట్టాను. ఒళ్ళు కాలిపోతోంది. గెడ పట్టుకుని పెద్దదిబ్బ కుర్రాళ్ళలో ఒకడు ముందు నడిచాడు. వాడి తప్పేమీ లేదు, వాడికి బురద అంటే బురదే. మోపిదేవి తల ఎత్తి కిటికీలోంచి చూస్తూ "ఎడమకి రా, ఎడమకి" అని అరుస్తున్నాడు. చూపుతో దారి చెప్పడం అతనికీ రాదు, ఎప్పుడూ చెప్పింది కాలే.

కరెంటు స్తంభాలు దాటకముందే దీపం వెలిగింది. మగవాళ్ళు నెట్టారు. నెట్టేకొద్దీ బండి ముక్కు దించింది. నేను తొక్కడం ఆపేసి డబ్బా చల్లారేదాకా ఆగుదామన్నాను. చల్లారాక కాస్త కదిలింది, మళ్ళీ వెలిగింది. ఆగడం, కదలడం, ఆగడం. గట్టు ముందుందో వెనకుందో తెలియనంత మెల్లగా పోతున్నాం. కాసేపటికి దూరంగా నేల అంచున తళుక్కుమని ఒక గీత కనపడింది. పోటు మొదలైంది.

అప్పుడు నాంచారయ్య బాబాయి తొడ లోతు బురదలో కాళ్ళు ఈడ్చుకుంటూ నా కిటికీ దగ్గరికి వచ్చాడు. మొలతాడుకి కట్టుకున్న తాళంచెవి తెంపి నా చేతిలో పెట్టాడు.

"తియ్యమ్మా. తీసి వెనకెయ్యి. ఎక్కడ ఎయ్యాలో అక్కడెయ్యి."

దిగాను. ఆశ అనేది ఎంత సిగ్గులేనిదో చూడండి, దిగి జాకీ తీశాను. కింద చెక్క వేసి, చెక్క మీద జాకీ పెట్టి తిప్పాను. బండి లేవలేదు. జాకీ, చెక్కా కలిసి బురదలోకి దిగిపోయాయి. రెండు చెక్కలు వేశాను, అవీ దిగాయి. బాబాయి మోకాళ్ళ మీద కూర్చుని చెక్క కిందికి చేతులు పెట్టి పైకి పట్టుకోవడానికి చూశాడు. ఆయన గడ్డం దాకా బురద.

"లే బాబాయి. ఈ చెవి సిమెంటు నేల మీద ఇయ్యాల్సింది" అన్నాను.

ఆయన ఏడ్చాడు. నాకు జాలి వెయ్యలేదు, ఇప్పుడు కూడా వెయ్యడం లేదు.

ముందుకి పోయే టైము లేదు. అందరూ కలిసి బండిని వెనక్కి తిప్పారు. చల్లార్చుకుంటూ, నెట్టుకుంటూ, వెనకే నీళ్ళు తరుముతుంటే దిబ్బకి చేరాం. కట్ట ఎక్కాక మోపిదేవి, "బండి దక్కింది గదే" అన్నాడు.

బహుళ చతుర్దశి

పొద్దున్నే చక్రాలు మార్చాం. సిమెంటు నేల మీద జాకీ రాయిలా నిలబడింది. పెద్దదిబ్బది వెనక్కి, బడిదిబ్బది ముందుకి. టీ కాగేలోపు అయిపోయింది.

ఆ కుర్రాడే గెడ పట్టాడు. మెత్తటి చోట్లలోకే తీసుకెళ్ళాడు. నాలుగు చక్రాలూ పట్టినప్పుడు తప్పుదారి కూడా దాటుతుంది బండి. గట్టు ఎక్కేదాకా దీపం వెలగలేదు. నేను ఆ దీపం వైపే చూస్తూ తోలాను, వెలిగితే బాగుండుననిపించింది ఒక క్షణం. వెలిగితే నా లెక్క తప్పనీ, నిన్న మార్చినా ఇంతేననీ అనుకునేదాన్ని.

ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. ఫోనులో మాట్లాడిన డాక్టరమ్మే. చేతులు తుడుచుకుంటూ నా పక్కన కూర్చుంది.

"నిన్న వచ్చి ఉంటే సగం పాదమైనా మిగిల్చేదాన్నండీ. రాత్రే పైకి పాకింది."

బయట అరుగు మీద నాంచారయ్య బాబాయి కూర్చుని ఉన్నాడు. "ఏమందమ్మా?" అని అడిగాడు. ఆమె అన్న మాట అన్నట్టే చెప్పాను. పెద్దవాడు, తప్పు తెలుసుకున్నాడు, చెప్పకుండా ఉండాల్సింది అని తర్వాత సరోజిని పిన్ని నన్ను కోప్పడింది. అది మోయాల్సినవాళ్ళు మోయాలి, నేనొక్కదాన్నే ఎందుకు మోయాలి?

పౌర్ణమి

ఇది ఆ తర్వాత రెండో పౌర్ణమి. మోపిదేవి ఇంటికి వచ్చి కొన్నాళ్ళయింది. కొన్ని సంగతులు రాసి ముగిస్తాను.

నాలుగు తాళం చెవులూ ఇప్పుడు ఒకే తీగకి గుచ్చి బడి గూట్లో వేలాడుతున్నాయి. సరుకు దించడం వంతుల వారీగా అని మీటింగులో అనుకున్నారు. ఈసారి నీళ్ళు కాస్త తక్కువే వచ్చాయి, కొలిచి నాలుగు దిబ్బలకీ పంచారు. పెద్దదిబ్బ పిల్లలెవరూ దాహంతో పోలేదు. ఇంత సులువా అని నాకు ఒళ్ళు మండిపోయింది.

నాంచారయ్య బాబాయి చంకకర్ర చేయించి తెచ్చాడు, కింద టైరు ముక్క కొట్టించి. ఇంట్లోకి పనికొస్తుంది. పర్రలోకి పనికిరాదు. కర్ర దిగిపోతుంది, దానికి నేల తెలియదు.

గెడమనిషి లేకపోతే బండి లేదు. పెద్దదిబ్బ కుర్రాడు ఇక రానన్నాడు, వాడి కాళ్ళ మీద వాడికి ఆశ ఉంది. ఇంకెవరూ ముందుకు రాలేదు. మోపిదేవి మెల్లగా నా వైపు చూశాడు. ఇన్నేళ్ళు అతని అడుగులే చూస్తూ తోలినదాన్ని కదా. కుడి కాలు ఉంది కాబట్టి బండి తొక్కగలడు, క్లచ్చు లేని ఈ బండికి రెండో కాలితో పనిలేదు.

కట్ట దిగువ బురదలో నన్ను కళ్ళకు గుడ్డ కట్టి నిలబెట్టి, తాను కట్ట మీద కూర్చుని నేర్పాడు.

"ఎట్టా ఉంది?"

"మెత్తగా ఉంది మావా."

"మెత్తనంటే? పెరుగా, జున్నా?"

"...పెరుగు."

"పెరుగైతే దిగుద్ది, పక్కకి జరుగు. జున్ను తగిలిందాకా జరుగు."

మొదటి రోజు నా అరికాలు మూడు చోట్ల కోసుకుంది. మూడూ తెలిశాయి. ప్రతిదానికీ అరిచాను. అరిచినప్పుడల్లా అతని మొహం కాస్త తేలికపడడం గుడ్డ విప్పాక చూశాను. రోజూ రాత్రి నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని దీపం దగ్గరగా పట్టి ఒక్కో వేలూ వెతుకుతాడు. వద్దన్నా వినడు.

ఇవాళ మొదటిసారి అలా వెళ్ళాం. నేను ముందు, చెప్పులు లేకుండా, గెడతో. వెనక అతను తోలుతున్నాడు. స్తంభాల దగ్గర నిలబడి, వెనక్కి తిరక్కుండానే అరిచాను.

"దీపం వెలిగిందా మావా?"

"లేదే. నాలుగూ లాగుతున్నయ్. నువ్వు కాలు చూసుకుని నడు."

ఇక నుంచి ఈ చిట్టా మోపిదేవి రాస్తాడు. రాసేది తోలేవాళ్ళే అని మొదటి పేజీ నియమం. అతను పొదుపుగా రాస్తాడు, పెద్దలకి నచ్చుతుంది.

ఒక చక్రం చోటు మార్చడానికి నాలుగు దిబ్బలూ మీటింగు పెట్టుకున్నాయి. మా ఇద్దరి చోట్లూ మార్చడానికి ఎవరూ మీటింగు పెట్టలేదు.